దారి అడగలేని బండి

తిరుపతి పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర ఎప్పుడూ నాలుగైదు బండ్లు నిలబడి ఉండేవి. అందులో ఒకటి నాది. నయమైనవాళ్ళు ముందు గేటులోంచి ఆటో ఎక్కి పోయేవాళ్ళు. వెనక గేటులోంచి వచ్చేవాళ్ళు మా బండ్లెక్కేవాళ్ళు. పాత వ్యాను ఒకటి కొని, సీట్లు పీకేయించి, కింద రేకు పరిపించి, పక్కన ఒక బెంచీ బిగించుకున్నాను. చనిపోయినవాళ్ళను వాళ్ళ ఊరికి చేర్చడం నా పని. తొమ్మిదేళ్ళు అదే చేశాను. నా పెళ్ళి మాటల్లో మధ్యవర్తి మా అత్తగారి వాళ్ళకు ‘పిల్లోడికి ట్రావెల్స్ ఉండాది’ అని చెప్పాడు. అబద్ధమని ఎవరూ అనలేరు కదా.

ఈ పని చేశానంటే అందరూ అడిగేది ఒకటే, భయం వేసేది కాదా అని. ఆ ప్రశ్న వింటేనే నాకు చిరాకు. వెనక పడుకున్న మనిషి ఏసీ వెయ్యమనడు, పాట మార్చమనడు, కొండ కనబడితే ఆపమనడు. భయం దేనికి? నా ప్రాణం తోడేసింది వాళ్ళు కాదు, దారి.

మా ఆసుపత్రికి జిల్లా నలుమూలల నుంచీ జనం వస్తారు. పుంగనూరు, పీలేరు, సత్యవేడు, కుప్పం, అవతల తమిళనాడు పల్లెలు కూడా. సగం ఊళ్ళ పేర్లు నేను జన్మలో విని ఉండను. మామూలు టాక్సీవాడైతే టీ అంగడి ముందు ఆపి అడుగుతాడు. మా బండికి ఆ వీలు లేదు. మేం కనబడగానే అంగడివాడు ముందుకు పొమ్మని చెయ్యి ఊపుతాడు. బోణీ వేళ అయితే బూతులే. వాకిట్లో ముగ్గు వేస్తున్న ఆమె ముగ్గు వదిలేసి లోపలికి పోయి తలుపేసుకుంటుంది. కొందరు దారి చెబుతారు కానీ అది మేం పోవాల్సిన ఊరి దారి కాదు, మేం వాళ్ళ వీధిలోంచి తొందరగా బయటపడే దారి. అందుకని మా బండ్లవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. శవం ఉన్నంతసేపు బయటివాళ్ళను దారి అడగకూడదు, ఊరి నడుమ బండి ఆపకూడదు. చనిపోయినవాళ్ళ మనిషిని ఒకరిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెబుతుంటే తోలుకుని పోవాలి.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ముందు సీట్లో కూర్చునేది ఎవరు? పెళ్ళాం పోయినవాడో, బిడ్డ పోయిన తల్లో. ఎడమా కుడా అని మనం అడుగుతాం. వాళ్ళు చెయ్యి ఎత్తబోతారు, ఏడుపు ముంచుకొస్తుంది, చెయ్యి కిందికి పడిపోతుంది. ఈలోగా మలుపు దాటిపోతుంది. వెనక్కి తిప్పుకుని రావాలి. మళ్ళీ అడగాలి.

ఒకసారి పీలేరు అవతల ఒక పల్లెకు పోతున్నాం. ముందు సీట్లో ముప్పై ఏళ్ళ ఆమె, వెనక ఆమె మొగుడి శవం. మూడుసార్లు మలుపు దాటిపోయాక నాకు తిక్క రేగింది. ‘ఏడుపు తర్వాత పెట్టుకోమ్మా, ముందు దారి చెప్పు’ అని అరిచాను. ఆమె టక్కున ఆపేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, నిటారుగా కూర్చుని, ఈడ ఎడం పక్క, ఆడ బోరింగు కాడ కుడి పక్క అని బస్సు కండక్టరు మాదిరి ఇంటిదాకా చెప్పుకుంటూ వచ్చింది. ఇల్లు చేరాక కూడా ఆమెకు ఏడుపు రాలేదు. చుట్టాలంతా మీద పడి ఏడుస్తుంటే వాళ్ళ భుజాల మీదుగా నా వైపు చూస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత చాలా రోజులు అన్నం ముందు కూర్చుంటే ఆ మొహమే కనబడేది. నా మీద నాకే అసహ్యం వేసేది.

దారి చెప్పే మిషను నా కంటపడింది అప్పుడే. రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం. బెంగుళూరు నుంచి కొండకు వచ్చే పెద్దపెద్ద కార్లలో ముందు అద్దానికి అంటించి ఉండేది, అరచెయ్యంత డబ్బా. పార్కింగులో ఒక డ్రైవరును బతిమాలితే ఆడించి చూపించాడు. ఊరి పేరు కొడితే గీత ఒకటి వచ్చింది. అందులోంచి ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లీషులో ఎడమ, కుడి చెప్పింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను చూసి చెబుతుందన్నాడు. నాకు మిగతాదేదీ తలకెక్కలేదు. ఇది ఉంటే నా పక్కన కూర్చున్నవాళ్ళు హాయిగా ఏడ్చుకోవచ్చు అన్నదొక్కటే ఎక్కింది.

తిరుపతిలో కార్లకు సీటు కవర్లు, పాటల డబ్బాలు బిగించే అంగడి ఒకటి ఉండేది. వాళ్ళు తెప్పిస్తారని తెలిసి పోయాను. ఉన్నది ఒకటే రకం, ధర పదిహేను వేలు. నా బండి టైర్లు నాలుగూ మార్చినా అంత కాదు. అంగడాయన కళ్ళద్దాలు పెట్టుకున్న నిదానపు మనిషి. అమ్మే తొందరే లేదు ఆయనకు.

‘మీరు యా ఊర్లకు పోతారో ఒక పది పల్లెల పేర్లు చెప్పండి. ఇందులో ఉండాయో లేదో సూసినాకనే కొందురు. డబ్బా ముఖ్యం కాదప్పా, లోపలుండే మ్యాపు ముఖ్యం’ అన్నాడు.

నేను ఈ మధ్య పోయివచ్చిన పది పల్లెలు చెప్పాను. ఆయన ఒక్కో అక్షరం వేలితో పొడుచుకుంటూ ఒక్కో పేరు కొట్టాడు. ఏడు దొరికాయి, మూడు దొరకలేదు.

‘పదిహేను వేలు పోసినా మూడు పల్లెలు ఎగిరిపోతే ఎట్లప్పా?’ అన్నాను ఎగతాళిగా.

‘లేనియ్యి లేవని చెప్తా ఉండాది కదా. అదే దీని గొప్ప’ అన్నాడు ఆయన.

ఆ మాట నాకు వెటకారంగా తోచింది. అమ్మే చేతకాక మాట్లాడుతున్నాడు అనుకుని బయటికి వచ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మనిషిని తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

నెల తర్వాత తిరువళ్ళూరులో ఒకరిని దించి, ఖాళీ బండి వేసుకుని మద్రాసు పోయాను. హార్బరు పక్కన ఫారిన్ సామాను అమ్మే చిన్నచిన్న అంగళ్ళు వరసగా ఉంటాయి. నాలుగు అంగళ్ళు తిరిగాను. అయిదో చోట నా డబ్బుకు సరిపోయేది దొరికింది. పేరు లేని కంపెనీ, తిరుపతి దానికంటే వెడల్పు తెర, ధర మూడో వంతు. అమ్మేవాడు సగం తమిళం, సగం తెలుగులో ‘ఫుల్ ఇండియా సార్, ఒరు ఊరు కూడ మిస్సు కాదు’ అన్నాడు.

నేనేం తక్కువ తిన్నానా? అన్నీ పరీక్ష చేసే కొన్నాను. నా బండి ఇంజను మోత మీద గొంతు వినబడాలని సౌండు పెంచి చూశాను. రబ్బరు కప్పు అద్దానికి గట్టిగా అంటుకుంటుందా అని రెండుసార్లు పీకి చూశాను. ఎండలో తెర కనబడుతుందా అని రోడ్డు మీదికి తీసుకెళ్ళి చూశాను. తిరుపతి కొట్టాను, వచ్చింది. చిత్తూరు, పుత్తూరు, నగరి, వేలూరు, అన్నీ వచ్చాయి. పల్లెల పేర్లు మాత్రం కొట్టలేదు. మర్చిపోయి కాదు. కొడితే ఏం తేలుతుందోనని కొట్టలేదు. అది నాకు అప్పుడే తెలుసు. ఇప్పుడు రాస్తున్నాను, అంతే తేడా.

కొన్నాక మూడు నెలలు నేను నేల మీద నడవలేదు. వేలూరు సందుల్లో ఒక ఇంటి గడప ముందు నన్ను నిలబెట్టింది. అరక్కోణం పక్క పల్లెలో చెరువు గట్టు మీద నుంచి తీసుకుపోయి సరిగ్గా చేర్చింది. ఈ రెండూ తమిళనాడులోవని, మనవైపు నేను పోయిన ఊళ్ళన్నీ పెద్ద రోడ్డు పక్కవేనని అప్పుడు నాకు తట్టలేదు. పైగా గేటు దగ్గర తోటి బండ్లవాళ్ళను చేర్చుకుని ‘మన శ్రీహరికోట నుంచి పొయ్యిన రాకెట్టే రా ఇప్పుడు నాకు దారి చెప్తా ఉండేది’ అని గొప్పలు చెప్పేవాణ్ణి. ఆ ఉపగ్రహాలు అమెరికావాళ్ళవని తర్వాతెప్పుడో తెలిసింది.

ముందు సీట్లో కూర్చున్న ప్రతివాళ్ళకూ బండి కదిలించే ముందు ఒకటే మాట చెప్పేవాణ్ణి. ‘మీరు దారి చెప్పే పన్లేదు. ఇది చెప్తాది. మీరు ఏడ్సుకోండి.’ చాలామంది ఆ మాటకే ఏడ్చేసేవాళ్ళు. పీలేరు ఆమెకు చేసిన దానికి ఏదో కొంచెం తీర్చుకుంటున్నానని లోపల్లోపల సంతోషపడేవాణ్ణి.

ఆ రోజు మే నెల, కత్తెర ఎండలు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి కామెర్లు ముదిరి తెల్లవారుజామున పోయింది. పాలసముద్రం పక్క ఒక పల్లె. ఆంధ్రాకు అదే చివర, అవతల ఏరు, ఏటి అవతల తమిళనాడు. మొగుడు పాతికేళ్ళవాడు, బెల్లం గానుగలో పని. సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. అంటే ఇప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి అతనికి తోడబుట్టిన అక్క. కూతురి చంటిబిడ్డను చూసుకుంటూ ఆమె ఊళ్ళోనే ఉండిపోయింది. కూతురు ఆటో ఎక్కి ఆసుపత్రికి పోతుంటే చూసిందే చూడటం, పది రోజులయింది.

గేటు దగ్గర శవాన్ని ఎక్కిస్తుండగా అతని సెల్లుకు ఆమె ఫోన్ చేసింది. ఆ చౌక ఫోన్లో గొంతు బయటికే వినబడేది.

‘తమ్ముడూ, ఆస్పత్రోళ్ళు కట్టిన గుడ్డ విప్పి నా బిడ్డ మొగం ఒక్కసారి సూపియ్‌రా. అది సూడకుండా నేను ఎత్తనియ్యను.’

అతను ఫోన్ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నేనే ఫోన్ తీసుకుని ‘పన్నెండు కల్లా మీ ఇంటి ముందర ఉంటామమ్మా, సూసుకుందువు’ అని చెప్పాను. ఎవరడిగారు నన్ను? అయినా చెప్పాను. వార్డులో ఆయా కూడా, కామెర్ల శరీరం ఈ ఎండకు ఆగదు, మధ్యాహ్నం లోపల చేర్చేయండి అని హెచ్చరించింది. రెండు గంటల దూరమే కదా అని ఒకటే ఐసు దిమ్మ కొని, రంపపు పొట్టు గోతాంలో చుట్టి పక్కన పెట్టాను. అప్పుడు పది గంటలు.

మిషనులో ఆ పల్లె పేరు కొట్టాను. రాలేదు. అట్లాంటప్పుడు తెర మీద వేలు పెట్టి చోటు చూపించవచ్చు. పాలసముద్రం ఎక్కడో చుక్క కనబడింది. అతన్ని అడిగి, ఏటి పక్కన ఇంచుమించు అక్కడ అని వేలు పెట్టాను. గీత వచ్చింది. తిరుపతి నుంచి పుత్తూరు, పుత్తూరు నుంచి నగరి, అక్కడ నుంచి ఇంకా ముందుకు. దగ్గరి దారి అని చూపించింది. మిషను చెప్పాక ఇంకేం? ‘నువ్వు దారి చెప్పే పన్లేదప్పా. ఏడ్సుకో’ అని నా పాత మాట చెప్పి బండి తీశాను.

పుత్తూరు దాటాం. అతను కిటికీకి తల ఆనించి ఏడుస్తున్నాడు. నగరి దాటి మిషను చెప్పిన చోట కుడికి తిరిగాను. కాసేపటికి రోడ్డు పక్క బోర్డులు తమిళంలోకి మారాయి. మా వైపువాళ్ళకు అదొక వింత కాదు. పొద్దున నగరిలో ఉంటాం, మధ్యాహ్నం తిరుత్తణిలో చీర కొంటాం, సాయంత్రానికి మళ్ళీ ఇంట్లో ఉంటాం. సరిహద్దు అనేది ఒకటుందని మాకు గుర్తుండదు. శవం పెట్టుకుని దాన్ని దాటుతున్నానన్న ఆలోచన నాకు చెక్‌పోస్టు గేటు కనబడేదాకా రాలేదు.

కానిస్టేబులు వచ్చి వెనక తలుపు తెరిపించాడు.

‘ఎన్నప్పా ఉళ్ళ?’ అన్నాడు, లోపలేముందని.

‘బాడీ సార్. తిరుపతి ఆస్పత్రి నుంచి.’

కాగితాలు చూపించాను. అన్నీ తెలుగులో ఉన్నాయి. అతను తిరగేసి, బోర్లేసి చూసి, ఊరేదని అడిగాడు. చెప్పాను. అతనికి ఆ ఊరు తెలుసు. వచ్చీరాని తెలుగులో నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

‘ఆంధ్రాలో చనిపోయింది. ఆంధ్రా ఊరికి పోవాల. తమిళనాడు లోపల ఎందుకు వచ్చినావు?’

మిషను చెప్పింది సార్ అన్నాను. అతను అద్దానికి అంటించిన డబ్బాను చూశాడు, వెనక పడుకున్న పడుచుపిల్లను చూశాడు, పక్కన నిలబడ్డ మొగుణ్ణి చూశాడు. తాళంచెవి తీసుకుని, ఎస్సై వచ్చేదాకా ఉండమన్నాడు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

పదకొండున్నర నుంచి రెండున్నర దాకా ఆ తుమ్మచెట్టు కింద బండి నిలిచింది. నీడ సగం బండికే వచ్చింది. ఆ పిల్ల మొగుడు వెనక కూర్చుని తువ్వాలుతో ఆమె మొహం మీద విసురుతున్నాడు. ఊరికి ఫోన్ చేద్దామంటే ఆంధ్రా సిగ్నలు పోయింది, తమిళనాడు సిగ్నలు పట్టుకుంది, రోమింగులో ఉన్న కాస్త బ్యాలెన్సూ ఒక్క మాటతో అయిపోయింది. ‘వస్తా ఉండాం అక్కా’ అన్నాడు, తెగిపోయింది. నా ఫోను అసలు పట్టనే లేదు. గోతాంలోంచి ఐసు నీళ్ళు కారి, రేకు మీద పారి, బండి కింద మట్టి తడిసింది. ఒంటిగంట దాటాక ఇంక నీళ్ళు కూడా కారలేదు. ఐసు దొరుకుతుందా అని ఒక సోడా అంగడి దగ్గరకు పోయాను. నా బండి చూసి ఉన్నాడు కాబట్టి లేదు పొమ్మన్నాడు. వాడి వెనక పెట్టెలో ఐసు నాకు కనబడుతూనే ఉంది.

ఎస్సై వచ్చాడు. మర్యాద మనిషి. కాగితాలు తెలుగు తెలిసినవాడితో చదివించుకున్నాడు, తిరుపతికి ఫోన్ చేసి కనుక్కున్నాడు, ఆ పిల్ల మొగుణ్ణి పక్కకు పిలిచి భుజం మీద చెయ్యివేసి మాట్లాడాడు. వదిలేస్తూ మా ఇద్దరికీ నీళ్ళ సీసాలు ఇప్పించాడు. ‘వెనక్కి పుత్తూరు పో, అట్ల పో’ అని కూడా చెప్పాడు.

నేను తెర వంక చూశాను. ఇంకా పదకొండు కిలోమీటర్లు అని ఉంది. వెనక్కి పోయి తిరిగి పోవాలంటే ఎంత లేదన్నా డెబ్బై. పదకొండు ఎక్కడ, డెబ్బై ఎక్కడ అనుకున్నాను. శవాన్ని ఎక్కించుకున్నాక బండి వచ్చినదారిన వెనక్కి తిప్పకూడదని మాలో ఒక పట్టింపు కూడా ఉంది. నాకు ఆ పట్టింపుల మీద పెద్ద నమ్మకం లేదు. అయినా ఆ నిమిషంలో అది బాగా పనికొచ్చింది. ముందుకే పోనిచ్చాను.

చెరుకు తోటల మధ్య తారు రోడ్డు, తర్వాత కంకర, తర్వాత బండి బాట. అన్నీ మిషను చెప్పినట్టే వచ్చాయి. ఒక వంక కూడా పెట్టడానికి లేదు. చివరికి నాలుగు కొబ్బరిచెట్ల దగ్గర బాట ఆగిపోయింది. ముందు ఏరు. ఎండాకాలం కాబట్టి నీళ్ళు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా తెల్లటి ఇసుక. చేరవలసిన చోటికి చేరారు అని ఆ గొంతు ఇంగ్లీషులో చెప్పింది.

అతను తలెత్తి చూశాడు. అవతలి గట్టు మీద ఇళ్ళు, ఒక నీళ్ళ ట్యాంకు, ఒక షామియానా గుడ్డ కనబడుతున్నాయి.

‘అదేనన్నా మా ఊరు’ అన్నాడు.

వంతెన ఉందా అని అడిగాను. లేదన్నాడు. చేసిన తప్పులు చాలవన్నట్టు నేను బండిని ఇసుకలోకి దించాను. నాలుగు బారలు పోయి వెనక చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. ఇంజను అరుస్తోంది, ఇసుక ఎగురుతోంది, వెనక ఆ పిల్ల శరీరం రేకు మీద ఇటూ అటూ ఊగుతోంది. అతను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ‘వద్దన్నా, నిలిపెయ్యన్నా’ అన్నాడు. ఆపేశాను. అప్పుడు వచ్చింది వాసన. అన్నేళ్ళ పనిలో ఆ వాసన నాకు కొత్త కాదు. కానీ అంతకు ముందెప్పుడూ అది నేను చేసిన పని వల్ల రాలేదు.

అవతల నుంచి చూసినట్టున్నారు. పదిమంది మగవాళ్ళు నులకమంచం ఒకటి ఎత్తుకుని ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆమెను మంచం మీద పెట్టి మోసుకుని పోయారు. మడమలు దిగబడుతున్నాయి, నాలుగడుగులకొకసారి మంచం ఒరుగుతోంది. నేను చెప్పులు చేత పట్టుకుని వాళ్ళ వెనక నడిచాను. ఇసుక కాళ్ళను కాల్చేసింది. కాలితే కాలనీ అనిపించింది.

ఇంటి ముందు దించేసరికి అయిదయింది. పందిరి కింద ఆడవాళ్ళ మధ్యలోంచి ఒకామె లేచి వచ్చింది. నలభై కూడా ఉండవు. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ఏడుస్తూ రాలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, మొహం మీది గుడ్డ ముడి విప్పడానికే వచ్చింది.

ఊరి పెద్దమనిషి ఒకాయన అంతకు ముందే ఆ గుడ్డ కొంచెం ఎత్తి చూశాడు. చూసి వెంటనే కప్పేశాడు. ఆమెకు అడ్డం నిలబడి ‘వద్దమ్మా. ఇప్పుడు సూడగూడదు’ అన్నాడు.

‘యాల సూడగూడదు? నా బిడ్డనే నేను. యాల సూడగూడదు?’

‘మధ్యానం వచ్చుంటే సూపిచ్చుందుము. ఇప్పుడు సూస్తే ఆ మొగమే కండ్లలో నిల్సిపోతాది తల్లీ. నీ కూతురి మొగం నీకు మిగలదు. నా మాట ఇను.’

ఆమె వినలేదు. ఆయన్ను తోసేసి పోబోయింది. నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. ఆమె వాళ్ళను కొరికింది, గోళ్ళతో రక్కింది. చివరికి మోకాళ్ళ మీద కూలబడిపోతే, కాళ్ళ దగ్గరకైనా పోనీండి అని ఎవరో అన్నారు. గుడ్డ కింది కొస కొంచెం తొలగించారు. ఆ కాళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకుని, మట్టి ఏమీ లేకపోయినా కొంగుతో తుడుస్తూ కూర్చుంది. పొద్దు వాలిపోతుందని వాళ్ళు వచ్చి ఎత్తుకునేదాకా అట్లాగే తుడిచింది. నేను వేప చెట్టుకు ఆనుకుని అదంతా చూశాను. పారిపోదామంటే బండి ఏట్లో ఉంది.

పూడ్చిపెట్టి వచ్చాక మగవాళ్ళంతా బోరింగు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నారు. అతను నా కోసం బోరింగు కొట్టాడు. నేను వంగి మొహం కడుక్కుంటుంటే, పక్కవాళ్ళకు వినబడకుండా నెమ్మదిగా అన్నాడు.

‘పుత్తూరులో కుడి పక్క తిరిగి కార్వేటినగరం మీద రావాలన్నా. నేను బస్సుకు వచ్చేది ఆ దావనే. నువ్వు నేరుగా పోతా ఉంటే సెప్దామనుకున్నా.’

‘మరి యాల సెప్పలేదప్పా?’

‘సెప్పే పన్లేదంటివే. ఆ మిషనుకు నాకంటే బాగా తెలుస్తాదేమో అనుకుంటి. నువ్వు ఏడ్సుకోమన్న్యావు. ఏడ్సుకుంటా కూర్సున్న్యాను.’

కోపంగా అనలేదు. అసలు నన్ను ఒక మాట అనాలని కూడా అతనికి లేదు. జరిగింది చెప్పాడంతే. పీలేరు ఆమెను ఏడవొద్దని అరిచి దారి చెప్పించుకున్నాను. ఇతన్ని ఏడవమని చెప్పి నోరు కట్టేశాను. మంచి చేస్తున్నానని నన్ను నేను మెచ్చుకుంటూ మూడు నెలలుగా ఇంకెంతమంది నోళ్ళు కట్టేశానో. క్షమించమని అడగాలనిపించింది. మొహం మీద ఇంకో దోసెడు నీళ్ళు చల్లుకున్నాను.

అంతలో ఆ తల్లి వచ్చింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటి నుంచి చెంబుతో మజ్జిగ తెప్పించి నా ముందు పెట్టింది. గొంతు పూర్తిగా పోయింది ఆమెకు.

‘ఎండలో పడి నా బిడ్డను ఇంటికి సేర్చినావు నాయనా. తాగు. పన్నెండుకే వస్తామంటివి, దావలో ఏమయింది?’

అతను బోరింగు కొట్టడం ఆపాడు. నా వైపు చూడలేదు, వాళ్ళ అక్క వైపూ చూడలేదు. బోరింగు కింద నీళ్ళ గుంటలోకి చూస్తూ నిలబడ్డాడు. చెప్పదలచుకుంటే ఒక్క మాట చాలు. నేను చెప్పినా ఒక్క మాటే.

‘చెక్‌పోస్టు కాడ పోలీసోళ్ళు నిలిపేసినారమ్మా. మూడు గంటలు ఇడసలేదు’ అన్నాను.

అతను మళ్ళీ బోరింగు కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె అక్కడే నేల మీద కూర్చుని, వాళ్ళ చేతులు పడిపోను, వాళ్ళ బిడ్డల మొగాలు వాళ్ళు సూసుకోకుండా పోను అని ఆ ముక్కూమొహం తెలియని పోలీసులను శపించింది. నేను మజ్జిగ చెంబు పట్టుకుని, అవునమ్మా, పాపిష్టోళ్ళు అని ఆమెతో పాటు తిట్టాను.